అర్జీలోకి ఎక్కని మాటలు

ఆ ఆఫీసు వరండాలో మూడో స్తంభం పక్కన ఒక బల్ల ఉంది. బల్ల మీద ఒక టైపు మిషను, మిషను వెనక ఒక ఆడమనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ మూడూ అక్కడే ఉన్నాయి. వీటిలో ఏది ఎక్కువ అరిగిందో చెప్పడం కష్టం. ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, వరండాలో దానితో ఎవరికీ పనిలేదు. అందరికీ ఆమె అర్జీలమ్మ. లోపల కూర్చున్న ఆఫీసరుకి జనం చెప్పుకునే మొరలన్నీ ముందు ఆమె చెవిన పడి, ఆ తర్వాతే కాగితం మీదికి ఎక్కేవి.

వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది మోసపోయినవాళ్లే. మోసపోయినవాడి నోరు ఊరికే ఉండదు కదా. కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే అందుకునేవాళ్లు. నమ్మించి గొంతు కోశాడని ఒకడు, చెవిలో పువ్వు పెట్టిందని ఇంకొకడు, నెత్తిన కుచ్చుటోపీ పెట్టి పోయారని మరొకడు. అర్జీలమ్మ అడ్డుపడకుండా వినేది. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మూడు ప్రశ్నలు వేసేది.

"ఏం చేశాడు? ఏ రోజు చేశాడు? ఎవరు చూశారు?"

మూడింటికీ జవాబు ఉంటే మిషనులో కాగితం ఎక్కేది. లేకపోతే, "ఇది నిలబడదండీ" అని మంచినీళ్ల సీసా వాళ్ల ముందుకి జరిపేది. కొందరు ఆ నీళ్లు తాగి వెళ్లేవాళ్లు. కొందరు ఆమెనే నాలుగు తిట్టి వెళ్లేవాళ్లు, రాతిగుండె మనిషని. ఆమె పట్టించుకునేది కాదు. టక్కరి అని రాస్తే ఆఫీసరు నమ్మడు, తాళం మార్చేశాడని రాస్తే నమ్ముతాడు. తిట్టు ఎంత గట్టిదైతే అర్జీ అంత పల్చబడుతుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పిన రోజు లేదు. ఆమె రాసిన అర్జీ వెనక్కి రాదని వరండా అంతా చెప్పుకునేది, ఆమెకీ ఆ సంగతి తెలుసు, కాస్త గర్వం కూడా ఉండేది.

అయితే కొట్టేసిన మాటల్ని పారేయడానికి మాత్రం మనసొప్పేది కాదు. మనిషి కడుపు మండి తెచ్చుకున్న మాట. అందుకని బల్ల సొరుగులో నీలం అట్ట పుస్తకం ఒకటి పెట్టుకుంది. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేముందు, ఆ రోజు అర్జీల్లోంచి తీసేసిన మాటల్ని అందులో ఎక్కించేది. మాట మాత్రమే. ఎవరన్నారో రాసేది కాదు, ఎవరిని అన్నారో రాసేది కాదు, తేదీ కూడా వేసేది కాదు. ఒకరి ఇంటి గుట్టు ఇంకొకరి కంట పడకూడదని ఆమె పెట్టుకున్న కట్టుబాటు అది. మిగతావాళ్లని ప్రతిదానికీ తేదీ అడిగే మనిషి తన పుస్తకంలో ఒక్క తేదీ కూడా వేసుకోలేదు.

నంగనాచి. గుంటనక్క. రెండు నాలుకల మనిషి. తడిగుడ్డతో గొంతు కోసే రకం. అరచేతిలో వైకుంఠం చూపించేవాడు. నవ్వుతూ గోతులు తవ్వే మనిషి. ఇలా పేజీల తరబడి. కూరగాయలమ్మేవాడికి వంకాయల్లో రకాలు తెలిసినట్టు ఆమెకి మోసంలో రకాలు తెలుసు. అబద్ధమాడి అదే నిజమని నిలబడేవాడు బుకాయిస్తాడు. గొంతు పెంచి నోరు మూయించేవాడు దబాయిస్తాడు. ఆశ చూపేవాడు మభ్యపెడతాడు, చూపు మళ్లించేవాడు ఏమారుస్తాడు. ఒకడి పేరు ఇంకొకడికి పెడితే ఆమెకి చిరాకు. పక్క బల్ల దగ్గర స్టాంపులు అమ్మే పెద్దాయన, "మీకు తెలియని దొంగమాట ఈ లోకంలో లేదమ్మా" అనేవాడు. అది నిజమే అనుకునేది ఆమె కూడా. మనలో మాట, అక్కడే ఆమె పొరబడింది.

అర్జీలమ్మకి ఒక్కతే కూతురు. భర్త పోయేనాటికి దానికి నాలుగేళ్లు. బడి వదలగానే నేరుగా వరండాకి వచ్చి, తల్లి బల్ల కింద దూరి బొమ్మలు వేసుకునేది. పైన ఏడుపులు, కింద రంగు పెన్సిళ్లు. ఆరేళ్లు నిండకుండానే మూడు ప్రశ్నలూ దానికి నోటికొచ్చేశాయి. బొమ్మ చెయ్యి విరిగిందని పక్కింటి పిల్లని గోడకి నిలబెట్టి, ఏం చేశావు, ఏ రోజు చేశావు, ఎవరు చూశారు అని నిలదీసేసరికి, ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సంగతి వరండాలో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

ఆ పిల్లే పెరిగి పెద్దదై రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. తల్లికి మాటలు తక్కువ, కూతురికి అంతకన్నా తక్కువ. సాయంత్రం ఆరింటికి ఇద్దరూ ఇల్లు చేరేవాళ్లు. వంటగది కిటికీ దగ్గర రెండు కుర్చీలు, రెండు గ్లాసుల టీ. ఒక అరగంట. ఆ అరగంటలో తల్లి ఆ రోజు వచ్చిన మాటల్లో మంచిది ఒకటి ఏరి చెప్పేది, కూతురు నవ్వేది. కొన్నాళ్లు అదీ ఉండేది కాదు, ఊరికే కూర్చునేవాళ్లు. తన బతుకులో తనదంటూ ఉన్నది ఆ అరగంటేనని అర్జీలమ్మకి బాగా తెలుసు. అది కూడా పోగలదని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

పది రోజులుండి వెళ్తానని చెల్లెలు వచ్చింది. అర్జీలమ్మ కన్నా ఆరేళ్లు చిన్నది. చిన్నప్పుడు అక్క చంకలో పెరిగిన పిల్ల. వేరే ఊళ్లో కుర్చీలూ మంచాలూ అమ్మే కొట్టు ఉండేది ఆమె భర్తకి. ఆయన పోయాడు, పిల్లలు లేరు, నాలుగు గదుల ఇంట్లో ఒక్కతే మిగిలింది. పది రోజులు నెలయింది, నెల ఏడాది దాటింది. వెళ్లమని ఎవరంటారు? అర్జీలమ్మకి నిజంగానే సంతోషంగా ఉండేది. ఇంటికి వచ్చేసరికి గిన్నెలు తోమి ఉండేవి, బట్టలు మడతపెట్టి ఉండేవి. చెల్లెలి గొంతు ఏనాడూ పెరిగేది కాదు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి అని వీధంతా మెచ్చుకుంది. ఆమె నోట ఎప్పుడూ ఆడే మాట ఒక్కటే, పాపం. పాలవాడిని చూసినా పాపం, ఇంటాయన అద్దె పెంచినా పాపం.

అర్జీలమ్మ పనిలో ఉండగా ఫోను ఎత్తదు. మిషను చప్పుడులో వినపడదు కూడా. అందుకని ల్యాబులో ఆలస్యమయ్యే రోజు కూతురు పిన్నికి ఫోను చెయ్యడం, పిన్ని అక్కకి చెప్పడం, ఇదీ ఇంట్లో కుదిరిన పద్ధతి. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు, అలా కుదిరిపోయింది.

ఒకరోజు ఆరు దాటింది, ఏడు కావచ్చింది. రెండు గ్లాసుల టీ మీగడ కట్టింది. కూతురు వచ్చాక తల్లి ఇంతసేపూ ఏమైపోయావని కసిరింది. పొద్దున్నే పిన్నికి ఫోను చేసి చెప్పాను కదా అంది కూతురు. చెల్లెలు మెల్లగా మధ్యలోకి వచ్చి, తాను చెప్పానని, అక్క అప్పుడు స్టవ్ తుడుస్తోందని, పోనీలే పాపం అలిసిపోయి ఉందని సర్దింది. అర్జీలమ్మ తన బుర్రంతా వెతుక్కుంది. స్టవ్ తుడవడం గుర్తుంది. చెల్లెలి మాట గుర్తులేదు. కానీ చెల్లెలు అబద్ధం ఎందుకాడుతుంది? మర్చిపోయి ఉంటాననుకుంది.

అలా ఆ నెలలో మూడుసార్లు జరిగింది, పై నెలలో ఆరుసార్లు. కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికింది. తాళంచెవి బాత్రూములో సబ్బుల పక్కన దొరికింది. దొరికినప్పుడల్లా చెల్లెలు చిన్నగా నవ్వి, ఎవరితోనూ చెప్పనులే అక్కా అని భరోసా ఇచ్చేది. చెప్పనని అయితే అంది. వారం తిరక్కముందే స్టాంపుల పెద్దాయన అర్జీలమ్మ టైపు చేసిన కాగితం తీసుకుని, యథాలాపంగా అన్నట్టు పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. ఏమిటని నిలదీస్తే నసిగాడు. మధ్యాహ్నం భోజనం క్యారేజీ తెచ్చిన చెల్లెలు, అక్కని కాస్త కనిపెట్టుకుని ఉండండి, పాపం ఈమధ్య ఆమెకి జ్ఞాపకం ఉండటం లేదని చెప్పి కళ్లు తుడుచుకుందట.

"మీమీద ఎంత ప్రేమమ్మా ఆవిడకి" అన్నాడాయన.

అవునండీ అంది అర్జీలమ్మ. ఆ మధ్యాహ్నం టైపు చేసిన ప్రతి కాగితాన్నీ తనే మూడుసార్లు చదువుకుంది. తప్పు ఒక్కటీ లేదు. లేకపోయినా నాలుగోసారి చదివింది.

కూతురి పుట్టినరోజు దగ్గరపడింది. అర్జీలమ్మ కీ ఇచ్చే చేతిగడియారం ఒకటి కొంది. పదిరోజుల ముందే కొని, బిల్లుతో సహా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. వంటగదిలో చెల్లెలికి చూపించింది. చెల్లెలు దాన్ని అటూ ఇటూ తిప్పి, చాలా బాగుంది కానీ ఈసారి వద్దు అక్కా, పిల్ల ల్యాబులో ఏదో చికాకులో ఉంది, పుట్టినరోజు అన్నమాటే ఎత్తొద్దని నాతో ఖచ్చితంగా చెప్పింది, నువ్వేమీ తెలియనట్టు ఉండు అని చెప్పింది. కూతురు తనకి చెప్పకుండా పిన్నికి చెప్పినందుకు తల్లికి చివుక్కుమంది. అయినా పిల్ల ఇష్టం ముఖ్యం కదా. గడియారాన్ని ఆఫీసు సొరుగులో నీలం పుస్తకం పక్కన పెట్టింది. పుట్టినరోజు పొద్దున కూతురు కొత్త బట్టలు వేసుకుని వంటగదిలోకి వచ్చి కాసేపు నిలబడింది. తల్లి ఏమీ తెలియనట్టు డబ్బాలో అన్నం సర్దుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బల్ల మీద కేకు ఉంది. రంగుకాగితాలు ఉన్నాయి. కూతురు పిన్ని భుజం మీద తల పెట్టుకుని ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెల్లెలు దాని వీపు నిమురుతూ, అమ్మని ఏమీ అనకు తల్లీ, పాపం ఆవిడకి గుర్తుండటం లేదు కదా అంటోంది.

అర్జీలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. కూతురు లోపలికి వెళ్లాక చెల్లెల్ని అడిగింది, నువ్వే కదా వద్దన్నావని. చెల్లెలు కాసేపు అక్క ముఖంలోకి చూసింది. ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనెందుకలా అంటాను అక్కా?" అని, జ్వరం చూసినట్టుగా అక్క నుదుటి మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి చల్లగా, మెత్తగా ఉంది. అప్పుడు తెలిసింది అర్జీలమ్మకి. మర్చిపోయింది తను కాదు. స్టవ్ దగ్గర ఎవరూ ఏమీ చెప్పలేదు. కళ్లజోడు బియ్యంలోకి నడిచి వెళ్లలేదు. ముప్ఫై ఏళ్లు ఊరి మోసాలన్నీ విన్న మనిషికి, తన వంటగదిలో ఏం జరుగుతోందో తెలియడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వెంటనే ఇంకో సంగతి కూడా తెలిసింది, ఈ మాట తను ఎవరితో చెప్పినా, పాపం అంటారు.

మర్నాడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. భయపడింది. ఆ భయంలో ఉండగానే కూతురు డాక్టరు దగ్గరికి వెళ్దామంది. ముగ్గురూ వెళ్లారు. డాక్టరు ఈ రోజు తేదీ అడిగాడు, వారం అడిగాడు, వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడు, అయిదు వస్తువుల పేర్లు చెప్పి పావుగంట తర్వాత మళ్లీ అప్పజెప్పమన్నాడు. అర్జీలమ్మ అన్నీ టకటకా చెప్పేసింది. ఆరో వస్తువు కూడా ఉందా అని అడిగింది. డాక్టరు నవ్వి, మీ జ్ఞాపకశక్తి నాకన్నా బాగుంది, మందులూ మాకులూ ఏమీ అక్కర్లేదన్నాడు. ఆ క్షణంలో ఆమెకి గెలిచినట్టే ఉంది. ఇక నిజం తేలిపోయిందనుకుంది.

బయట మెట్ల దగ్గర చెల్లెలు గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అంది. ఆ తర్వాత, తనలో తను అనుకున్నంత మెల్లగా అంది.

"అయితే జబ్బేం కాదన్నమాట."

కూతురు అడుగు ఆగింది. దాని ముఖం మారడం తల్లి చూసింది. జబ్బు కాకపోతే మరేమిటి? పుట్టినరోజు మర్చిపోవడానికి జబ్బు కారణం కాకపోతే, ఇంక మిగిలే కారణం ఒక్కటే. బస్సులో ముగ్గురూ ఒకే సీటులో కూర్చున్నారు. అర్జీలమ్మకి జబ్బున్నా బాగుండేదనిపించింది.

నెల తిరక్కముందే చెల్లెలు ఇంక మా ఇంటికి వెళ్తానంది. అది చెప్పిన రోజునే కూతురు కూడా చెప్పింది, తమ ల్యాబుకి పిన్ని వాళ్ల ఊళ్లో శాఖ ఉందని, ఆరునెలలు అక్కడికి మారి చూస్తానని, సోమవారం పొద్దున్న ప్రయాణమని. తల్లితో చెప్పాల్సిన మాట కాబట్టి చెప్పినట్టు చెప్పింది. ఆరునెలల తర్వాత వస్తావా అని అడగడానికి అర్జీలమ్మకి నోరు రాలేదు. చెల్లెలు ఎందుకు చేసిందో ఇప్పుడు అర్థమైంది. నాలుగు గదుల్లో ఒక్కతే ఉండలేక చేసింది. ఆ మాటకొస్తే చెల్లెలి మీద జాలి కూడా వేసింది, అదే ఒళ్లు మండిపోయే విషయం.

చెప్పెయ్యాలి, సోమవారం లోపల చెప్పెయ్యాలి అనుకుంది. కానీ ఏమని చెప్పాలి? శనివారం నాడు, ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి, నీలం పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. గది తలుపు దగ్గరగా వేసుకుని మొదటి పేజీ నుంచి చదివింది. ఎంతమంది ఎన్ని మాటలు తెచ్చి ఇచ్చారు! వీటిలో ఒక్కటైనా తనకి అక్కరకి రాదా?

చాడీలు చెప్పడం అంటే, లేదు, చెల్లెలు తన మీద ఒక్క చాడీ చెప్పలేదు. ఎప్పుడూ తన పక్షమే మాట్లాడింది. పుల్లలు పెట్టడం అంటే, తల్లీ కూతుళ్లు మాట మాట అనుకున్నప్పుడల్లా సర్దింది చెల్లెలే. వెన్నుపోటు కాదు, ఎదురుగా నిలబడి నుదుటి మీద చెయ్యి వేసింది. పొగబెట్టడం అనే మాట దగ్గర కాసేపు ఆగింది. పొగబెడితే ఇల్లు వదిలి పోవాల్సింది తను. ఇక్కడ తను ఇంట్లోనే ఉంది, ఇల్లే తనని వదిలి పోతోంది. మొసలి కన్నీరు అందామంటే, ఆ కన్నీళ్లలో సగం నిజమేనేమో. అన్ని పేజీలూ అయిపోయాయి. ఒక మనిషి మతి మీద ఆ మనిషికే అనుమానం పుట్టించి, కడుపున పుట్టినదాన్ని మెత్తగా చెయ్యిపట్టి నడిపించుకుపోవడానికి ఆ పుస్తకంలో మాట లేదు. ఇన్నేళ్లలో ఆ బాధతో ఎవరూ ఆమె దగ్గరికి రాలేదా? వచ్చే ఉంటారు. ఏం చేసింది, ఏ రోజు చేసింది, ఎవరు చూశారు అని తను అడిగి ఉంటుంది, వాళ్లు నీళ్లు తాగి వెళ్లిపోయి ఉంటారు.

ఒక ఖాళీ పేజీ తిప్పింది. మాట దొరికితే రాద్దామని పైన "చెల్లి" అని రాసి, పక్కన ఒక గీత పెట్టింది. గీత పక్కన ఏం రాయాలో తెలియలేదు. చాలాసేపు కూర్చుని, పుస్తకాన్ని తలగడ కింద పెట్టి పడుకుంది.

ఆదివారం పొద్దున అర్జీలమ్మ కూరగాయలకి వెళ్లి వచ్చేసరికి, మంచం మీద దుప్పటి మార్చి ఉంది. తలగడ గలీబు మార్చి ఉంది. పుస్తకం లేదు. చెల్లెలి గదిలోంచి వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. తలుపు దగ్గర కూతురు, ఏమైంది పిన్నీ చెప్పు, నా మీద ఒట్టు, చెప్పు అని బతిమాలుతోంది. చెల్లెలు ఏమీ లేదంటోంది, నీకెందుకు తల్లీ అంటోంది, పెద్దవాళ్ల సంగతి అంటోంది. అడిగించుకుని, అడిగించుకుని, చివరికి ఇచ్చింది.

మధ్యాహ్నం కూతురు పుస్తకం పట్టుకుని వంటగదిలోకి వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. కిటికీ దగ్గర, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే. కోపంగా ఏమీ లేదు. ల్యాబులో రిపోర్టు చూస్తున్నట్టుగా పేజీలు తిప్పింది.

"ఇవన్నీ పిన్ని గురించేనా అమ్మా?"

కాదని అర్జీలమ్మ గబగబా చెప్పింది. ఆఫీసుకి వచ్చినవాళ్ల మాటలని, అర్జీల్లోంచి తీసేసినవని, చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని నువ్వు విన్నవేనని చెప్పింది. కూతురు తలూపింది. మరి ఎవరి పేరూ లేదేమిటంది. రాయనని చెప్పింది తల్లి. తేదీ కూడా లేదేమిటంది. వెయ్యనని చెప్పింది. కూతురు చివరి పేజీ తీసి, బల్ల మీద తల్లి వైపు తిప్పి పెట్టింది. నంగనాచులూ, గుంటనక్కలూ, గొంతుకోతలూ నిండిన అంత పుస్తకంలో కనబడే మనిషి ఒక్కతే, చెల్లి.

అప్పుడు అర్జీలమ్మ చెప్పేసింది. వరస లేకుండా, మధ్యలోంచి మొదలుపెట్టి, వెనక్కీ ముందుకీ పోతూ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. బియ్యం డబ్బా, స్టవ్, సబ్బులు, స్టాంపుల పెద్దాయన. చెబుతుంటే తనకే వినిపించింది, ఎంత చిన్నగా ఉన్నాయో అవి. తన బల్ల ముందు కుర్చీలో కూర్చుని, అంతా మోసమమ్మా, నన్ను అన్యాయం చేశారమ్మా అని ఏడ్చిన వందల మంది గొంతూ తన గొంతూ ఒకేలా ఉన్నాయి. కూతురు అడ్డుపడకుండా వింది. తల్లి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"పిన్ని ఏం చేసింది? ఏ రోజు చేసింది? ఎవరు చూశారు?"

వెటకారం కాదు. తేలాలనే అడిగింది. ఆ ప్రశ్నలు అడగడం తల్లి దగ్గరే నేర్చుకుంది మరి.

అర్జీలమ్మ దగ్గర ఒకే ఒక్క రుజువు ఉంది. లేచి సంచి తెచ్చింది. నిన్న పుస్తకంతో పాటు గడియారం కూడా తెచ్చుకుంది. దాన్నీ బిల్లునీ కూతురి ముందు పెట్టింది. చూడు, తేదీ చూడు, నీ పుట్టినరోజుకి పదిరోజుల ముందు కొన్నాను, నేను మర్చిపోలేదు, పిన్ని ఇవ్వొద్దంది, ఇక్కడే, ఈ వంటగదిలో అంది. కూతురు బిల్లు చేతిలోకి తీసుకుని తేదీ చదివింది. పెట్టె తెరిచి గడియారం చూసింది. అది ఎప్పుడో ఆగిపోయి ఉంది.

"అయితే నీకు గుర్తుంది" అంది.

"గుర్తుంది తల్లీ."

"గుర్తుండి కూడా ఇవ్వలేదు."

పిన్ని వద్దంది అనే మాట అర్జీలమ్మ మళ్లీ అనబోయింది. కానీ అది అనేటప్పుడు వంటగదిలో వాళ్లిద్దరే ఉన్నారు, చూసినవాళ్లు లేరు. తేదీ ఉన్న కాగితం ఒక్కటే, అది తన మీదికే సాక్ష్యానికి వచ్చింది. కూతురు బిల్లుని మడతపెట్టి పెట్టెలో పెట్టింది, పెట్టె మూసింది. పక్కనున్న మంచినీళ్ల గ్లాసుని తల్లి ముందుకి జరిపింది.

"ఇది నిలబడదమ్మా" అంది.

ఆ మాట మెల్లగానే అంది, కళ్లలో నీళ్లతోనే అంది. అర్జీలమ్మ ఆ నీళ్లు తాగింది. గుమ్మం దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. అమ్మని ఇంక కష్టపెట్టకు తల్లీ, పాపం అంది.

సోమవారం పొద్దున ఆటో వచ్చింది. కూతురు వంగి తల్లిని కౌగిలించుకుంది, వేళకి తినమంది, ఫోను చేస్తానంది. గడియారం తీసుకోలేదు. నీలం పుస్తకం మాత్రం తన సంచిలో పెట్టుకుంది. ఇలాంటివి రాసుకుంటూ కూర్చుంటే మనసు పాడవుతుందమ్మా, ఇది నా దగ్గరే ఉండనీ అంది. ఇవ్వననే హక్కు ఉందో లేదో అర్జీలమ్మకి తేలలేదు, ఈలోగా ఆటో కదిలింది. చెల్లెలు వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

పదింటికల్లా అర్జీలమ్మ వరండాలో ఉంది. ఇంకెక్కడికి పోతుంది? మిషను మీద గుడ్డ తీసింది, కాగితం ఎక్కించింది, అలవాటు కొద్దీ పైన కుడివైపు ఆ రోజు తేదీ కొట్టింది. స్టాంపుల పెద్దాయన పలకరించబోయి, ఆమె ముఖం చూసి తన స్టాంపుల్లో తల దూర్చుకున్నాడు.

మొదట వచ్చింది ఒక నడివయసు ఆమె. కుట్టుపని చేసే మనిషి, వేళ్ల నిండా సూది గాట్లు. కుర్చీ అంచున కూర్చుంది. తోడికోడలి సంగతి అంది. ఏమీ చెయ్యలేదమ్మా, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, నన్ను పల్లెత్తు మాటనదు, కానీ నా కొడుకు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు, ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా అని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగింది.

అర్జీలమ్మ వేళ్లు మీటల మీద ఉన్నాయి. ఏం చేసింది అని అడగడానికి నోరు తెరిచింది. అడగలేదు. సొరుగు లాగి చూసింది. ఖాళీగా ఉంది.

"చెప్పండి. వింటున్నాను" అంది.

ఆ మనిషి చెప్పడం మొదలుపెట్టింది. చిన్న చిన్న సంగతులు. పప్పు డబ్బా మూత, తలుపు గడియ, చెప్పీ చెప్పని కబురు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుని పక్క బల్లల దగ్గరికి వెళ్లిపోయారు. మధ్యాహ్నమైంది, ఆఫీసు తలుపులు మూసి మళ్లీ తీశారు. ఆమె చెబుతూనే ఉంది, అర్జీలమ్మ వింటూనే ఉంది. సాయంత్రం వరండా ఊడ్చేవాడు వచ్చేదాకా మిషనులో ఆ కాగితం అలాగే ఉంది, దాని మీద తేదీ తప్ప ఏమీ పడలేదు.